నడుం దాకా లైట్‌హౌస్

ఆ రోజుల్లో మనుషులకు బుద్ధి తక్కువగానూ ధైర్యం ఎక్కువగానూ ఉండేవని ఎవరైనా రాస్తే, ఏ నిజాం కాలం గురించో చెబుతున్నారనుకుంటాం. నేను చెబుతున్నది ఏడెనిమిదేళ్ల కిందటి మాట. అప్పటికే అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, ఫోన్లలో ప్రపంచం ఉంది. నా కష్టాలు కూడా అక్కణ్నుంచే మొదలయ్యాయి. మూడేళ్ల బీఎస్సీని తొందరపడకుండా నాలుగేళ్లలో పూర్తి చేసి, వికారాబాద్ బస్టాండు ఎదురుగా ఉన్న ఒక ఫోటో స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరించే ఉద్యోగంలో చేరాను. (కత్తిరించడం అంటే తేలిక అనుకోకండి. మొదటి నెలలో ఇద్దరు గిరాకీల చెవులు నా వల్ల పోయాయి. ఫోటోలోనే లెండి.) ఒక మధ్యాహ్నం గిరాకీ లేక ఫోన్ చూస్తుంటే, ఏదో చలిదేశంలో గడ్డకట్టిన సరస్సు, దాని ఒడ్డున మంచు పేరుకుపోయి కరిగిన కొవ్వొత్తిలా నిలబడ్డ లైట్‌హౌస్ కనిపించాయి. ఎవడో పుణ్యాత్ముడు చలికాలమంతా కారులో తిరుగుతూ అలాంటివి పదిహేను తీసి పెట్టాడు. అన్నీ చూశాక నా జన్మకు అర్థం తెలిసిపోయింది. ఒక్కటే చిన్న ఇబ్బంది. మా వికారాబాద్‌లో చలికాలం గడ్డకట్టేది కొబ్బరినూనె సీసా ఒక్కటే. అంతకుమించి ఇంకేదీ గడ్డకట్టిన దాఖలా లేదు. సముద్రం సంగతి సరే సరి.

ఇంట్లో అప్పటికే నా మీద విచారణ నడుస్తోంది. నాన్న కంది చేనులో ఉన్నంత సేపూ నా గురించి మాట్లాడేవాడు కాదు, ఇంటికొచ్చాక నాతో మాట్లాడేవాడు కాదు. చివరికి తీర్పు చెప్పే బాధ్యత తాండూరులో బండల పాలిష్ కార్ఖానా నడిపే మా చిన్నాయనకు అప్పగించారు. చిన్నాయన నవ్వగా చూసినవాళ్లు మా చుట్టాల్లో లేరు. ఆయన నన్ను కూర్చోబెట్టి, ఫోటోలు తీస్తే ఏమొస్తుందని అడగలేదు. అడిగి ఉంటే జవాబు చెప్పలేక అక్కడే లొంగిపోయేవాణ్ని. బండ నాణ్యం చూసేవాడిలా నన్ను పైనుంచి కిందిదాకా చూసి అన్నాడు: “గీ చలికాలం నీకిడిసిపెడ్తున్న. నువ్వు తీసిన ఒక్క ఫోటో, మనింటోళ్లు గాకుండ, బయటి మనిషి ఒక్కడు తనంతట తాను అడిగి గోడకు పెట్టుకోవాలె. పెట్టుకున్నడా, మీ నాయినకు నేను జెప్పుకుంట. లేకుంటే శివరాత్రి తెల్లారి వచ్చి కార్ఖానాల సూపర్‌వైజర్‌గ కూసో.” శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. ఆ ఏడు దాని వెంటే నేనూ పోవాలన్నమాట.

లోపల భయపడ్డాను గానీ పైకి మాత్రం ఒక ప్రణాళిక వేశాను. లైట్‌హౌస్ అంటే ఏమిటి? నీళ్ల పక్కన ఒంటరిగా నిలబడ్డ కట్టడం. మన ప్రాజెక్టుల్లో నీళ్ల మధ్య నిలబడి ఉండే తూము గదులు అవే కదా. గడ్డకట్టడం అంటే? తెల్లగా కనబడడం. డిసెంబరు తెల్లవారుజామున మా వైపు మంచు దిగితే చెరువేది, చేనేది తెలియదు. కాబట్టి పొగమంచులో తూము గదులు తీస్తే చలిదేశం వాడు కూడా కళ్లు నులుముకోవాలి. కెమెరా మా స్టూడియో సేటును అడిగాను. సేటు ఇరవై ఏళ్లుగా ఆ కుర్చీలోంచే అన్ని పెళ్లిళ్లనూ చూసిన మనిషి. పాత కెమెరా ఒకటి చేతిలో పెట్టి రెండు షరతులు చెప్పాడు. ఒకటి, కెమెరాను నీళ్ల దగ్గరికి తీసుకుపోవద్దు. రెండు, మనిషి ముఖం పడ్డ ఫోటోను ఆ మనిషి వచ్చి చూసుకోకముందు చెరిపెయ్యొద్దు. ఈ రెండోది ఆ స్టూడియో ఆచారం. ఎప్పుడో తీసుకుని మళ్లీ రాని వాళ్ల ముఖాలు కూడా ఆయన డబ్బాలు డబ్బాలుగా దాచిపెట్టేవాడు. నేను రెండింటికీ తలూపాను. వెళ్లేది మూడు చెరువుల దగ్గరికన్న సంగతి ఆయన్ని ఎందుకు కష్టపెట్టాలని చెప్పలేదు.

బండి మా హారన్ బావది. మా మేనమామ కొడుకు, చిన్నాయన కార్ఖానా నుంచి ట్రాలీ ఆటోలో బండలు చేరవేసేవాడు. లోకంలో హారన్ కొడితే తొలగని అడ్డంకి లేదని అతని నమ్మకం. ఆ శనివారం రాత్రి బండలతో వికారాబాద్ వచ్చి మా ఇంట్లోనే పడుకున్నాడు. పొద్దున ధారూర్‌లో ఒక ఇంటికి సగం, మోమిన్‌పేట్ అవతల ఒక ఊళ్లో సగం దింపి, ఖాళీ బండితో బషీరాబాద్ దగ్గరి గనికి వెళ్లి మళ్లీ నింపుకోవాలి. మూడు దిక్కులా మూడు నీళ్లగుంటలున్నాయని తెలుసుకుని నేను పక్కన ఎక్కాను. చలిదేశం వాడు హీటరున్న కారులో వెళ్లాడు. మాకు మా బావ బీడీ ఉంది.

ధారూర్ దాటి కోటిపల్లి ప్రాజెక్టు కట్ట ఎక్కేసరికి నేను కోరుకున్న మంచు నిజంగానే దిగింది. కాస్త ఎక్కువే దిగింది. తూము గది ఎటుందో బావ వేలు పెట్టి చూపించాడు, ఆ వేలు కూడా సరిగా కనబడలేదు. అతను బండి దగ్గరికి వెళ్లి మంచు తొలగడానికి రెండు నిమిషాలు హారన్ కొట్టాడు. తొలగలేదు. నేను స్టాండు పాతి, వేళ్లు కొంకర్లు పోతున్నా కదలకుండా గంటసేపు నిలబడి నూటనలభై ఫోటోలు తీశాను. బావ కెమెరా వెనక తెర మీద ఒక్కొక్కటే ఓపిగ్గా జరిపి చూశాడు.

“బామ్మర్దీ, గివి ఫోటోలా, జిరాక్స్ మిషన్ల ఉత్త కాయితం పెట్టి తీసినవా?”

ఇందులో ఒక వాతావరణం ఉంది బావా, అన్నాను. “వాతావరణమే ఉన్నది,” అని ఒప్పుకుని బండి తీశాడు.

మోమిన్‌పేట్ అవతలి ఊరి ప్రాజెక్టు దగ్గరికి తొమ్మిదింటికి చేరాం. ఇక్కడ మంచు నా మాట విన్నట్టు సగం లేచి సగం ఆగింది. కట్ట మీంచి సన్నని వంతెన, దాని చివర నీళ్లలో రాతితో కట్టిన పొడుగాటి తూము గది, పైన పలకల కప్పు. అచ్చం లైట్‌హౌసే. బావ బండలు దింపడానికి ఊళ్లోకి వెళ్లాడు. నేను స్టాండు పెట్టి కన్ను ఆనించేసరికి చట్రంలోకి ఒక ముసలాయన వచ్చి నిలబడ్డాడు. ఆ ప్రాజెక్టు నీరటి. అంటే తూము తెరిచి, మూసి, ఎవరి మడికి ఎంత నీరో పంచే మనిషి. మూడుకాళ్ల స్టాండు చూసి నన్ను ఆఫీసు నుంచి కొలతలకొచ్చిన సారు అనుకున్నాడు.

“తూముకు మోటరు ఎన్నడు బిగిస్తరు సారూ?” అనడిగాడు. నేను సారును కాను, ఉత్త ఫోటోలు తీసుకునేవాణ్నని చెప్పాను. నేను సారును కానని తెలిసి అంత సంతోషపడ్డ మనిషిని అంతకుముందు చూడలేదు. “జర ఆగు బిడ్డా,” అని ఇంటికి పోయాడు. పది నిమిషాల్లో ఉతికిన ధోతి, తలకు ఎర్ర రుమాలు, చేతిలో జానెడు పొడుగున్న ఇనుప తాళంచెవితో తిరిగొచ్చాడు. ఆ గది తాళంచెవి. వచ్చి సరిగ్గా తూముకు అడ్డంగా నిలబడ్డాడు.

ఆ పదినిమిషాల్లో మంచు మూడొంతులు ఎగిరిపోయింది. నేను చూసిన పదిహేను లైట్‌హౌసుల్లో ఒక్కదానికీ అడ్డంగా ముసలాయన లేడు. మర్యాదగా, తాతా, కొంచెం పక్కకు జరగమన్నాను. రెండంగుళాలు జరిగాడు. ఇంకొంచెం అన్నాను. “నేను లేకుంటే గది ఎవలదని తెలుస్తది?” అన్నాడు. ఆయన్ని కదిలించే మార్గం ఆయన్ని తియ్యడమేనని అర్థమై, సరిగా చూడకుండానే ఒక్కటి నొక్కాను. “ఫోటో యాడికొచ్చి తీస్కోవాలె?” అంటే, మనం అందరికీ చెప్పినట్టే, వికారాబాద్ బస్టాండు ఎదురుగా స్టూడియో, ఎప్పుడైనా రా తాతా, అన్నాను. ఆయన తృప్తిగా తప్పుకున్నాక నా లైట్‌హౌస్‌ను నలభై రకాలుగా తీశాను. అప్పటికి ఎండ వచ్చేసింది. నలభైలోనూ అది తూము గదిలాగే ఉంది. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. ఒక బర్రె కూడా ఉంది.

మధ్యాహ్నం తాండూరు దాటి బషీరాబాద్ వైపు పోతుంటే బావ ఓదార్పుగా, సూపర్‌వైజర్ కొలువు మంచిదేనని, ఫ్యాను కిందనే కూర్చోవచ్చని చెప్పాడు. సాయంత్రానికి గని చేరాక అతను మేస్త్రీతో మాట్లాడడానికి వెళ్లాడు. నేను కెమెరా మెడలో వేసుకుని ఊరికే నడిచాను. ఒక పాత గుంట అంచుకొచ్చి అలాగే నిలబడిపోయాను. ఎదురుగా గడ్డకట్టిన సరస్సు. ఒక్క అల లేదు, తెల్లగా, నునుపుగా, అద్దంలా. అవతలి ఒడ్డున రాళ్లతో కట్టిన పాత మోటారు గది, రాతిపొడి పేరుకుని అచ్చం ఆ కొవ్వొత్తిలాగే. పైన సూర్యుడు దిగుతున్నాడు. పదిహేనుకు పదహారోది నా కోసమే మిగిల్చి పెట్టినట్టుంది.

తాండూరు వాళ్లకు చెప్పక్కర్లేదు గానీ మిగతావాళ్ల కోసం చెబుతాను. బండ పాలిష్ చేసేటప్పుడు నీళ్లతో కలిసి రాతిపొడి బురద వస్తుంది. దాన్ని తెచ్చి ఇలాంటి పాత గుంటల్లో పోస్తారు. పైన ఎండి పెచ్చు కడుతుంది, లోపల ఎన్నాళ్లయినా పచ్చిగానే ఉంటుంది. ఈ సంగతి తాండూరులో మేకపిల్లకు కూడా తెలుసు. నేను వికారాబాద్ వాణ్ని. అయినా తొందరపడలేదు, శాస్త్రీయంగానే వెళ్లాను. చట్రంలోకి ఒక కరెంటు స్తంభం అడ్డొస్తోంది, మూడడుగులు ముందుకు వేస్తే అది తప్పుతుంది. ముందుగా ఒక గులకరాయి విసిరాను. అది పైనే నిలిచింది. రాయి మునగని చోట బీఎస్సీ చదివిన మనిషి ఎలా మునుగుతాడు?

మొదటి అడుగు నిలిచింది. రెండో అడుగు కాసేపు ఆలోచించింది. మూడో అడుగుకు నేను నడుం దాకా లోపలున్నాను. మునిగేటప్పుడు మనిషికి తల్లీతండ్రీ గుర్తొస్తారంటారు. నాకు సేటు గుర్తొచ్చాడు. మెడలోంచి కెమెరా లాగి కుడిచేత్తో ఎంత పైకి పట్టగలిగితే అంత పైకి పట్టుకున్నాను. (కెమెరాను నీళ్ల దగ్గరికి తీసుకుపోలేదన్న సంగతి గమనించాలి. అది నీరు కాదు.) కాళ్ల కింద గట్టినేల తగిలింది కాబట్టి ఇంకా కిందికి పోలేదు, పైకీ రాలేదు. భయానికి వేలు బటన్ మీద బిగుసుకుపోయింది. కెమెరా ఫ్లాష్ వేస్తూ ఆకాశాన్ని తీయడం మొదలుపెట్టింది. వెలుగుతోంది, ఆరుతోంది, మళ్లీ వెలుగుతోంది.

ఆ వెలుగు చూసే బావ పరుగెత్తుకొచ్చాడు. ఒడ్డున ఆగి, నన్ను చూసి, జేబులోంచి ఫోన్ తీసి ముందు ఒక ఫోటో తీసుకుని, ఆ తర్వాత అరిచాడు. అరుపుకు గొర్ల మందను తోలుకుపోతున్న కురుమ పెద్దాయన ఒకడు వచ్చాడు. అది కన్నడ సరిహద్దు, అక్కడి మాటల్లో సగం కన్నడమే. ‘సుమ్మ నిల్లు తమ్మా’ అన్నాడు, కదలకుండా ఊరికే నిలబడమని. నిలబడడం తప్ప నాకక్కడ వేరే పనేమీ లేదు. తన గొంగడి విప్పి తాడులా మెలిపెడుతూ బావనడిగాడు: “లోపల ఏం దేవులాడుతుండు?”

“లైట్‌హౌస్ అంట పెద్దాయినా. చెరువు పక్కపొంటి దీపం పెట్టే మినార్.”

పెద్దాయన నన్ను చూశాడు. తెల్లటి గుంటలో, నడుం దాకా తెల్లగా, నిటారుగా, ఎత్తిన చేతిలో వెలిగి ఆరుతున్న దీపంతో ఉన్నాను.

“దొరికినట్టే ఉన్నది గదా,” అన్నాడు.

గొంగడి కొస పట్టుకుంటే ఇద్దరూ కలిసి నన్ను ఒడ్డుకు లాగారు. చెప్పులు లోపలే ఉన్నాయి, ఇప్పటికీ ఉండే ఉంటాయి. గొంగడి పాడైందని బాధపడితే ఆయన నవ్వి, “గిది కడిగితే పోతది. నిన్ను కడుగుడే కష్టం,” అన్నాడు. నిజమే. తాండూరు చేరేసరికి బురద ఎండి నేను బండిలోంచి వంగకుండా దిగాల్సి వచ్చింది. కార్ఖానా ముందు చిన్నాయన పైపు పెట్టి, బండను కడిగినంత శ్రద్ధగా కడిగాడు. తర్వాత బావ ఫోన్ చూపించాడు. చిన్నాయన అప్పుడు నవ్వాడు. మొదట మీసం కదిలింది, తర్వాత భుజాలు, తర్వాత పాలిష్ మిషన్లు ఆపి మరీ పనోళ్లు వచ్చి ఆయన నవ్వడం చూసిపోయారు. వారంలో ఆ ఫోటో పెద్దది చేసి పంపమన్నాడు. దాన్ని ప్రింటు తీసి, ఫ్రేము కట్టి పంపిందీ నేనే. బురద తొట్టి పక్క గోడకు పెట్టించి, కింద ‘ఇందులో దిగరాదు’ అని రాయించాడు.

మరి ఇది అడిగి గోడకు పెట్టుకున్నట్టే కదా, అని ఫోన్‌లో వాదించి చూశాను.

“అడిగి పెట్టుకున్న మాట నిజమే కొడుకా,” అన్నాడు. “గానీ తీసింది మీ బావ. నువ్వు గోడకెక్కినవ్, నీ ఫోటో ఎక్కలే.”

మిగిలిన చలికాలంలో నేను తీసిన వాటిలో మంచివి నాలుగు స్టూడియో అద్దాల వెనక పెట్టాను. ఒక్కామె అడిగింది. ఫోటో వద్దు, ఫ్రేము కావాలంది. మాఘమాసం వెళ్లిపోతోంది, కొబ్బరినూనె కరిగిపోయింది. కార్ఖానాలో నా కోసం కుర్చీ తుడిపించారని బావ కబురు మోశాడు. పాస్‌పోర్టు ఫోటోలు మాత్రం ఆ రోజుల్లో చాలా నీటుగా కత్తిరించాను. ఎవరి చెవీ పోలేదు. వదిలి వెళ్లే పనిని మనిషి ఎందుకంత ప్రేమగా చేస్తాడో నాకిప్పటికీ తెలియదు.

శివరాత్రి ముందురోజు మోమిన్‌పేట్ బస్సు దిగి ఒక ముసలాయన స్టూడియో మెట్లెక్కాడు. ఎర్ర రుమాలు చూసే గుర్తుపట్టాను. నీరటి తాత. ఫోటో ఏదన్నాడు. ఆ ఫోటో సంగతే మర్చిపోయాను, ఉందో లేదో తెలియదు. వెతుకుతుంటే కార్డులో నూటనలభై తెల్ల కాగితాలు వచ్చాయి, నలభై తూములు వచ్చాయి, యాభై ఆకాశాలు వచ్చాయి. మధ్యలో తాత ఉన్నాడు. సేటు మొదటి షరతును నేను నిలువునా ముంచాను గానీ రెండోదాన్ని పాటించాను. దానికి కారణం బద్ధకమే అయినా, పాటించాను.

అంతవరకూ ఆ ఫోటోను నేను కూడా చూడలేదు. మిగిలిన ఆ ఒక వంతు మంచులో వెనక తూము గది కొస మాత్రం తేలుతోంది. ముందు ఎర్ర రుమాలు, గుండెకు ఆనించి పట్టుకున్న ఇనుప తాళంచెవి, ఇంకెవరూ లేకపోయినా తానుంటే నీళ్లు నిలబడతాయన్నట్టు చూస్తున్న ముఖం. సేటు కుర్చీలోంచి లేచి వచ్చి చూశాడు. ఆయన లేవడమే ఒక సర్టిఫికెట్.

తాత తెర మీది తాళంచెవిని వేలితో తడిమాడు. తర్వాత చెప్పాడు: “మోటరు బిగించిండ్రు బిడ్డా. మంచిగనే ఉన్నది, మీట నొక్కితె తెరుసుకుంటది. తాళంచెయ్యి తీస్కపోయిండ్రు. నలభై ఏండ్లు దాన్ని మా ఇంటి గోడ మొలకే తగిలేసిన. పొద్దున లేశి అటే జూస్త, ఉత్త మొల గనబడ్తది. గిది గా మొలకే తగిలేస్త. పెద్దగ జెయ్యి.”

పెద్దగా చేశాను. అద్దం కూడా వేశాను. పైసలు తీసుకోనంటే తాత ఊరుకోలేదు, ఉత్తగ తీసుకుంటే గోడకు నిలవదన్నాడు.

చిన్నాయన ఫోన్‌లో నమ్మే మనిషి కాదు. శివరాత్రి నాడు ఉపవాసంతోనే నన్ను బండి వెనక ఎక్కించుకుని మోమిన్‌పేట్ అవతలి ఆ ఊరికి పోయాడు. ఫోటో ఆ మేకుకే ఉంది. చిన్నాయన చేతులు వెనక్కి కట్టుకుని దాని ముందు నిలబడ్డాడు, పిలగాడు బలవంతం చేసి అంటగట్టిండా అని తాతను అనుమానంగా అడిగాడు. “బలవంతమా? నన్ను తీసుడే ఇష్టం లేకుండె గీ పిలగానికి,” అన్నాడు తాత. “పక్కకు జరుగు, పక్కకు జరుగు అని ఒకటే పోరు. నేనే మొండికేశిన.” భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. ఆ అనుభవం ఉంది కాబట్టి వెంటనే ఆ కోరిక వెనక్కి తీసుకున్నాను.

తిరుగు దారిలో చిన్నాయన వికారాబాద్‌లో మా ఇంటి మలుపు దగ్గర బండి ఆపి, ముందుకే చూస్తూ అన్నాడు.

“రేపు కార్ఖానకు రాకు.” కిక్కు కొట్టి, “మీ నాయినకు నేను జెప్త,” అని బండి తీశాడు.

ఇప్పుడు తాండూరులో నాకొక చిన్న స్టూడియో ఉంది. డిసెంబరు వస్తే ఇప్పటికీ బావను లేపి కోటిపల్లి కట్ట మీదికి పోతాను. ఇప్పటికీ మంచే పడుతుంది ఫోటోలో. మనుషులు అడ్డొస్తే మాత్రం పక్కకు జరగమనడం మానేశాను. మొన్న చిన్నాయన కార్ఖానాకు వెళ్తే కొత్తగా చేరిన పనివాడొకడు గోడ మీది ఫోటోను, నన్ను మార్చి మార్చి చూసి, గా బురదల ఉన్నది మీరేనా సార్, అనడిగాడు. దగ్గరికి వెళ్లి చూశాను. ఫ్రేము ఒక పక్కకు ఒరిగింది, అద్దం మీద రాతిపొడి. లోపల ఒక పిచ్చోడు, చెప్పులు పోయి, నడుం దాకా కూరుకుపోయి, ఎవరికి దారి చూపిద్దామనుకున్నాడో గానీ చెయ్యి మాత్రం దించలేదు. చొక్కా కొసతో అద్దం తుడిచి, ఫ్రేము సరిచేసి, మా బావ తీసిందిలే, ఫ్లాష్ మాత్రం నాది, అని చెప్పాను.